దారి చూపేది ఏ కుక్క?

చిరంజీవి చిన్నికి, తాతయ్య ఆశీస్సులు.

ఎర్రకోట్ల దొరలు గుర్రాల మీద, వాళ్ల ముందు గుంపుగా వేటకుక్కలు ఉన్న బొమ్మ చూసి, "అన్ని కుక్కలకీ దారి ఎవరు చెబుతారు?" అని అడిగావుగా.

చాలావరకు కుక్కలే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. మా ఊరి రామాలయంలో శనివారం భజన ఉండేది చూడు, అలాగన్నమాట. ఒకరు పల్లవి అందుకుంటారు, మిగతావాళ్లు గొంతు కలుపుతారు. పొదల్లో వెతికే కుక్కల్లో ఒకదానికి నక్క వాసన తగిలితే గొంతెత్తుతుంది. అది నమ్మకమైనదైతే మిగతావన్నీ అటు పరిగెత్తి అందుకుంటాయి. ఊరికే అరిచేదాన్ని పట్టించుకోవు. మా భజనలోనూ ఒకాయన తాళం పడకముందే ఎత్తుకునేవాడు. గొంతు కంచుగంటే, కానీ హార్మోనియం మావయ్య తలెత్తేవాడు కాదు, మేం నోరు విప్పేవాళ్లం కాదు. ప్రసాదం దగ్గర మాత్రం మొదటి చెయ్యి ఆయనదే! గట్టిగా అరిచినంత మాత్రాన జనం వెంట రారమ్మా.

ఇలాంటి గుంపుల్లో బాగా పేరుపడ్డది ఇంగ్లండులో లెస్టర్‌షైర్‌లోని క్వార్న్ ఊరిది. 1696లో మొదలైందని చెబుతారు. 1753లో హ్యూగో మేనెల్ అనే ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాడు దాన్ని చేపట్టి, 1800 దాకా నడిపాడు. అంతకుముందు వేటంటే తెల్లవారుజామునే. రాత్రంతా మేసిన నక్క పొట్ట బరువుతో మెల్లగా పరిగెడుతుందని! మేనెల్ మంచి ముక్కూ, వేగమూ ఉన్న కుక్కల్ని ఏరి, పిల్లల కోసం వాటినే జతకలుపుతూ పోయాడు. దాంతో పొద్దెక్కాక బయల్దేరినా నక్కను అందుకోగలిగాయి.

కుక్కపిల్లల్ని కొన్నాళ్లు చుట్టుపక్కల రైతుల ఇళ్లలో పెంచుతారు. తిరిగొచ్చాక కొత్తదాన్ని ముదురు కుక్కతో కలిపి, మెడపట్టీలకు గొలుసు వేసి తిప్పుతారు. భజనలో మమ్మల్నీ పెద్దవాళ్ల పక్కనే కూర్చోబెట్టేవారులే. వేటకుక్కల్ని వాళ్లు లెక్కపెట్టేదీ జతల్లోనే. 35 ఉంటే పదిహేడున్నర జతలు. ఆ అర జత ఏమిటని మళ్లీ అడక్కు!

2005 ఫిబ్రవరి 18 నుంచి ఇంగ్లండులో కుక్కలతో నక్కను వేటాడటం చట్టం ఒప్పుకోదు. నా లెక్కలో మంచి పనే. ఇప్పుడు మనుషులే ముందుగా ఒక వాసన పరిచిన దారి వెంట కుక్కల్ని పంపుతున్నారు. ఆ పేరుతో నక్కల్నే తరుముతున్నారని గొడవలూ ఉన్నాయి.

మిగతాది కాగితం మీద చెబితే తెలిసేది కాదు. రాత్రి అన్నం తిన్నాక గేటు లోపలే కూర్చుని మీ వీధి కుక్కల్ని చూడు. ఏది మొరిగితే సందంతా లేస్తుందో, ఏది మొరిగితే ఒక్కటీ చెవి కదపదో గుర్తుపెట్టుకొని నాకు రాయి. ముందు ఆ తోక తెగిన నల్లదాన్ని చూడు.

మీ తాతయ్య