పీసీఆర్ నెగెటివ్ అంటే చెరువు సేఫ్ అనుకోకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతుకి పీసీఆర్ (జబ్బు క్రిమి డీఎన్ఏ ఉందో లేదో చూసే ల్యాబ్ టెస్టు) కొత్త మాట కాదు. "నెగెటివేనా అండీ?" అని అడిగాకే రొయ్య పిల్లకి బేరం. ల్యాబ్‌లో రిపోర్టు ఇచ్చే బల్ల ఇవతలి నుంచి నాలుగు ముక్కలు చెబుతాను.

అపోహ: నెగెటివ్ వస్తే లాట్ (ఒకే విడత పిల్ల) అంతా శుభ్రం.

నెగెటివ్ వచ్చింది ట్యూబులో పడ్డ పిల్లకి మాత్రమే. లక్షల్లోంచి మనం చూసేది సాధారణంగా 150. నూటికి రెండు పిల్లలకి జబ్బుంటే, ఆ 150లో ఒకటైనా చిక్కే అవకాశం 95 శాతం. నూటికి ఒకదానికే ఉంటే దాదాపు ఐదుసార్లలో ఒకసారి తప్పించుకుపోతుంది. అదీ తొట్టి నాలుగు మూలలా, అడుగు నుంచీ తీస్తేనే. కొందరు చురుగ్గా ఈదేవే ఏరి తెచ్చి "చూడండి, ఎంత బావుందో" అంటారు. నీరసంగా అడుగున పడున్నవే కదండీ ముందు చూడాల్సింది!

అపోహ: ఏ ముక్క తెచ్చినా మిషన్ పట్టేస్తుంది.

తెల్లమచ్చ వైరస్‌కి ఈతకాళ్ళు, మొప్పలు కావాలి. ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలని దెబ్బతీసే పరాన్నజీవి) ఉండేది తలలోని హెపటోపాంక్రియాస్‌లో (కాలేయం లాంటి జీర్ణ గ్రంథి), మలంలోనూ దొరుకుతుంది. కాళ్ళు తెచ్చి ఈహెచ్‌పీ చూడమంటే నెగెటివ్ వచ్చినా దానికి విలువ లేదు. రొయ్య కళ్ళు నలిగి కలిసినా ఇబ్బందే: వాటిలోని పదార్థాలు రియాక్షన్‌నే ఆపేస్తాయి, వైరస్ ఉన్నా జెల్ (ఫలితం చూసే పలక) మీద బ్యాండ్ (డీఎన్ఏ దొరికిందని చూపే గీత) రాదు. అందుకే రొయ్య సొంత జీన్‌కి కూడా ఒక బ్యాండ్ వస్తుందో లేదో చూస్తాం. అదీ రాకపోతే ఆ టెస్టు జరగనట్టే లెక్క. రిపోర్టుతో పాటు జెల్ ఫొటో అడగండి, ఆ కంట్రోల్ బ్యాండ్ ఏదో చూపించమనండి. మొహమాటం అక్కర్లేదు.

అన్నట్టు, శాంపిల్‌ని ఫార్మలిన్‌లో వేసి తేకండి, డీఎన్ఏ పాడవుతుంది. 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి.

అపోహ: పాజిటివ్ అంటే వైరస్ బతికే ఉంది.

పీసీఆర్ పట్టేది డీఎన్ఏని. చచ్చిన వైరస్ ముక్క మిగిలినా బ్యాండ్ వస్తుంది. చెరువు మట్టి విషయంలో ఇది గుర్తుంచుకోండి. పిల్ల పాజిటివైతే మాత్రం ఈ వాదన పెట్టుకోకుండా వదిలేయండి.

అపోహ: మేత టెస్టులో ప్రోటీన్‌నే కొలుస్తారు.

ఇది పీసీఆర్ కాదు గానీ, ల్యాబ్‌లో చేయించే ఇంకో టెస్టు. మామూలుగా చేసే కెల్డాల్ పద్ధతిలో కొలిచేది నత్రజనిని. దాన్ని 6.25తో హెచ్చవేస్తారు: నత్రజని 5.6 శాతం వస్తే 35 శాతం ప్రోటీన్ అని రాస్తారు. యూరియాలో నత్రజని 46 శాతమని వరి వేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వంద కిలోల మేతలో కిలో యూరియా కలిపితే కాగితం మీద ప్రోటీన్ రెండున్నర శాతం పెరుగుతుంది, రొయ్యకి ఒరిగేదేమీ లేదు. అనుమానముంటే అమైనో ఆమ్లాల టెస్టు అడగండి. ఖర్చెక్కువ, నలుగురు కలిసి ఒకే లాట్ బస్తాలకి చేయించుకోవచ్చు.