పోలవరం పునరావాసం: ఇంటి లెక్క ఎక్కడ తప్పింది

గోదావరికి పెద్ద వరద వస్తోందంటే చాలు, పోలవరం ప్రాజెక్టు కింద మునిగే కూనవరం, వేలేరుపాడు మండలాల్లో కాంటూరు గొడవ, అంటే ఏ ఎత్తు దాకా ఉన్న ఊళ్లను ముంపు కింద లెక్కించాలన్న గొడవ, మళ్లీ రాజుకుంటుంది. సముద్రమట్టం నుంచి 41.15 మీటర్ల ఎత్తు లోపు మునిగే ఊళ్లకు పునరావాసం తొలి దశ, అక్కడి నుంచి 45.72 మీటర్ల దాకా మలి దశ. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు ఈ లెక్కకు అందని ఊళ్లూ మునిగాయి. ఆ తర్వాతే లైడార్ సర్వే (లేజర్ కిరణాలతో నేల ఎత్తు కొలిచే పద్ధతి) ఆధారంగా మరికొన్ని ఊళ్లను తొలి దశలో చేర్చారు. 

పరిహారం ఎప్పుడన్న ప్రశ్నే ఎక్కువగా వినిపిస్తుంది. పునరావాస కాలనీలో ఇల్లిచ్చినా కొందరు పాత ఊరిని ఎందుకు వదల్లేకపోతున్నారో తెలియాలంటే 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్ చూడాలి. పల్లెలో ఇల్లు పోతే, పేదల ఇళ్ల పథకమైన ఇందిరా ఆవాస్ యోజన ప్రమాణాలతో ఇల్లు కట్టివ్వాలని అందులో రాశారు. అప్పటికి ఆ పథకం కొలత 20 చదరపు మీటర్లు. కథంతా అక్కడే మలుపు తిరిగింది.

ఈ ఊళ్లలోని కోయ గిరిజనుల ఇంటికి మట్టి మెత్తిన వెదురు తడికల గోడలు, తాటాకు లేదా గడ్డి కప్పు, ముందు అరుగు. ఇంతవరకు టేపు పెట్టి కొలవొచ్చు. సంసారం మాత్రం దొడ్లోనే ఎక్కువగా నడుస్తుంది. మేకల కొట్టం, కోళ్ల గూడు, కూరపాదులు, ఇప్పపువ్వు ఆరబెట్టే జాగా అన్నీ అక్కడే. వెదురు, గడ్డి అడవిలో దొరుకుతాయి, కప్పు పాడైతే చుట్టాలే సాయం వస్తారు. ఇంజినీరు విలువ కడితే ఇదంతా 'కచ్చా ఇల్లు'. పరిహారంలో చెట్లకు వేరే లెక్క ఉంది, దొడ్లో బతుకుకు లేదు. కాలనీ ఇంటి స్లాబు కారితే సిమెంటు, మేస్త్రి కూలి చేతి డబ్బుతోనే.

పక్కా ఇల్లు, రోడ్డు, బడి, కరెంటు ఇస్తున్నామంటారు అధికారులు. అబద్ధం కాదు. మే నెల మధ్యాహ్నం ఆ స్లాబు కింద కూర్చుని చెబితే ఇంకా బాగుండేది.

అదే చట్టం మూడో షెడ్యూల్లో పశువుల మేతకు స్థలం, గిరిజనుల సంప్రదాయ వ్యవస్థలకు విడిగా భూమి ఉండాలని ఉంది. అటవీ ఉత్పత్తుల మీద హక్కులకు మాత్రం, కొత్త చోటుకు దగ్గర్లో దొరికితే, వీలైతే అన్న షరతు పెట్టారు. అడవికి దూరంగా కాలనీ కడితే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

ఆ పథకం కొలత చట్టం పెట్టిన కనీసం మాత్రమే. రాష్ట్రాలు ఇంతకన్నా మెరుగ్గా ఇచ్చుకోవచ్చని 107వ సెక్షన్ చెబుతోంది. మలి దశ కాలనీల్లో దొడ్డికీ చోటు పెట్టడానికి చట్టం అడ్డు రాదు.