వ్యాపారానికి డిగ్రీ అడిగిన కాలం, అడగని కాలం

ఇంటర్ ఫలితాలు వచ్చాక తిరుపతి, చిత్తూరుల్లో చాలా ఇళ్లలో ఒకే వాదన నడుస్తుంది. సొంతంగా ఏదైనా పెట్టుకుంటామని పిల్లలంటారు, ముందు డిగ్రీ చేతికి రానిమ్మని పెద్దలంటారు. నాలుగేళ్ల ఫీజును అంగడికి పెట్టుబడిగా పెడితే డిగ్రీ వచ్చే వేళకు నిలదొక్కుకోవచ్చన్నది పిల్లల లెక్క. చదువు లేనివాణ్ణి బ్యాంకులో కూర్చోమని కూడా అనరన్నది పెద్దల భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నలభై ఏళ్ల కిందట అందులో నిజం ఉండేది. అది ఎప్పుడు, ఎలా మారిందో తెలిస్తే తప్ప ఈ వాదనలో ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేలదు.

మన దేశంలో విశ్వవిద్యాలయం వ్యాపారుల కోసం పుట్టలేదు. ప్రభుత్వోద్యోగాల్లో ఇంగ్లీషు చదువు చదివినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని గవర్నర్ జనరల్ హార్డింజ్ 1844లో తీర్మానించాడు; ఆ తరువాత పదమూడేళ్లకు, 1857లో, కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. అంటే పట్టాకంటే ముందే ఆ పట్టాతో దొరికే ఉద్యోగం సిద్ధంగా ఉందన్నమాట. మన ప్రాంతానికి ఈ చదువు ఆలస్యంగా దగ్గరైంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాలను నెలకొల్పినప్పుడు అది మద్రాసు విశ్వవిద్యాలయం కిందే నడిచింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1959లో దాని ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. సేద్యం మీద బతికిన కుటుంబాల నుంచి మొదటి తరం పట్టభద్రులు ఇక్కడే తయారయ్యారు, వారిలో అధికులు రెవెన్యూ ఆఫీసులకో, బడులకో, బ్యాంకులకో వెళ్లారు. వానకూ ధరకూ లొంగని నెల జీతం చూసిన ఇల్లు డిగ్రీని నమ్మిందంటే తప్పుపట్టలేము.

వ్యాపారం మాత్రం వేరే చోట్ల నేర్చుకునే పనిగానే మిగిలింది. దామలచెరువు మామిడి మండీలో గుమాస్తాగా చేరినవాడు కాయను చూసి దర చెప్పడం, ఎవరికి అరువు ఇవ్వవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో పసిగట్టడం అక్కడే నేర్చుకున్నాడు. శ్రీకాళహస్తి కలంకారీ చేతి నుంచి చేతికి దిగివచ్చిన విద్య. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు రావడానికి ఏ పట్టా అవసరం కాలేదు.

ఈ రెండు దారులూ కలిసిన ఉదాహరణ జిల్లాలో అందరికీ తెలిసినదే. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, రూర్కీలోనూ అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ పైచదువులు ముగించి, ఆ దేశంలోనే ఇంజనీరుగా పనిచేసిన గల్లా రామచంద్ర నాయుడు స్వదేశానికి తిరిగివచ్చి 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. తిరుపతి పక్కన కరకంబాడిలో వెలసిన ఆ బ్యాటరీల పరిశ్రమ ఎన్నో పల్లెలకు జీతాలిచ్చింది. ఈ కథను చదువు గొప్పతనానికి సాక్ష్యంగా చెబుతుంటారు. నా దృష్టిలో అందులో గమనించవలసింది మరొకటి ఉంది: డిగ్రీకీ కంపెనీకీ మధ్య ఉద్యోగంలో గడిచిన ఏళ్లు. సంస్థ పెట్టేనాటికి ఆయన నలభై దాటినవారు. చదువు నేరుగా వ్యాపారాన్ని ఇవ్వలేదు, వ్యాపారం నేర్పగల ఉద్యోగాన్ని ఇచ్చింది.

ఇక బ్యాంకు సంగతి. చదువుకున్న నిరుద్యోగులకు స్వయం ఉపాధి కల్పించే పథకాన్ని కేంద్రం 1983లో తెచ్చినప్పుడు మెట్రిక్యులేషన్, అంటే పదో తరగతి, పాసై ఉండాలన్నది షరతు. పెద్దల మనసులో నాటుకుపోయిన మాట ఆ రోజులదే. 1993లో వచ్చిన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన మెట్రిక్ తప్పినవారినీ అనుమతించింది, తరువాత ఎనిమిదో తరగతి చాలునంది. 2008లో దాని స్థానంలోకి వచ్చిన ఉపాధి కల్పన కార్యక్రమం, అంటే ఇప్పుడు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అందరూ పీఎంఈజీపీ అని పిలిచే పథకం, ఆ ఎనిమిదో తరగతిని కూడా తయారీ రంగంలో పది లక్షలు, సేవారంగంలో అయిదు లక్షలు దాటిన ప్రాజెక్టులకే పరిమితం చేసింది. చిన్న వ్యాపారాల కోసం 2015లో మొదలైన ముద్రా రుణానికి కనీస విద్యార్హతే లేదు. చేపట్టే పనికి ఏదైనా అర్హత అవసరమైతే అది ఉంటే చాలు. చిన్న సంస్థల నమోదుకు 2020 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్, పాన్ ఉంటే సరిపోతుంది.

విచిత్రమేమిటంటే ఇదే కాలంలో డిగ్రీలు ఊరూరా పెరిగాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలల బస్సులు తిరగని పల్లె అరుదైంది. పట్టా అందరికీ అందుబాటులోకి వస్తున్న కొద్దీ అప్పు ఇచ్చేవాడు దాన్ని అడగడం మానేశాడు. పెళ్లిచూపుల్లో తప్ప మరెక్కడా దాని విలువ పూర్వంలా నిలవలేదని ఒక పెద్దాయన అన్నది కొంత ఎగతాళే అయినా పూర్తిగా అబద్ధం కాదు. ఇప్పుడు బ్యాంకు మేనేజరు చూసేది పాత అప్పులు ఎలా తీర్చాడో చెప్పే సిబిల్ స్కోరు, కొటేషను, ఏడాది పాటు ఖాతాలో నడిచిన లావాదేవీలు.

అంతమాత్రాన చట్టం చదువును వదిలిపెట్టిందని అనుకోరాదు; ఆ షరతును యజమాని మీద నుంచి పని మీదికి మార్చింది. చిత్తూరు పరిసరాల్లోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దీనికి మంచి ఉదాహరణ. యజమాని ఏడో తరగతితో ఆపినవాడైనా లైసెన్సుకు అడ్డు లేదు, కాని ఉత్పత్తిని పర్యవేక్షించడానికి రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం వంటి విషయాల్లో డిగ్రీగాని, ఆహార సాంకేతికతలో డిప్లొమాగాని ఉన్న మనిషి ఒకరైనా ఉండాలని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతాయి. సీజనులో ట్రాక్టర్లు బారులు తీరి ఉన్న ఆవరణలో నిలబడి యజమాని తోతాపురి కాయకు దర మాట్లాడుతుంటాడు. లోపల చిన్న గదిలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక చుక్క గుజ్జును తీపి కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద వేసి, వెలుతురు వైపు తిప్పి, బ్రిక్స్, అంటే చక్కెర శాతం, ఎంతో పుస్తకంలో రాసుకుంటుంది. ఆ అంకె తక్కువైతే ఎగుమతిదారు సరుకు తిప్పి పంపుతాడు. బయటి బేరమూ లోపలి అంకే రెండూ కుదిరితేనే డబ్బా సీలవుతుంది. రెండూ ఒకే మనిషికి తెలిసి ఉంటే ఆ ఫ్యాక్టరీ పరిస్థితి ఎలా ఉంటుందన్నదే డిగ్రీ గురించి అడగవలసిన అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది.

మందుల అంగడికి రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండి తీరాలి. పురుగుమందులు అమ్మేవారికి వ్యవసాయంలోగాని సంబంధిత విజ్ఞానశాస్త్రాల్లోగాని డిగ్రీ ఉండాలని 2015లో నియమం వచ్చింది. దానికి చాలా ముందే, 2003లో, హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల డీలర్ల కోసం ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. తరగతులు వారానికొకసారి, అంగళ్లు మూసే రోజున జరుగుతాయి. అంగడివాడు కళాశాలకు రాలేడని గ్రహించి కళాశాలే అంగడి వేళలకు సర్దుకోవడం మన చదువుల్లో అరుదుగా చూస్తాం.

చదువు మానేసి కోటీశ్వరులైనవారి కథలు మరోవైపు నుంచి వచ్చాయి. బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ వదిలాడు, మార్క్ జుకర్‌బర్గ్ కూడా అక్కడే చదువు మధ్యలో మానేశాడు. 2011 నుంచి అమెరికా పెట్టుబడిదారు పీటర్ థీల్ కళాశాల వదిలిన యువతకు లక్ష డాలర్ల చొప్పున ఇవ్వడం ప్రారంభించాడు. హోటల్ గదుల సంస్థ ఓయో స్థాపకుడు రితేశ్ అగర్వాల్ 2013లో ఆ సొమ్ము అందుకున్నవారిలో ఒకడు. ఆ థీల్‌కు మాత్రం స్టాన్‌ఫర్డ్ నుంచి రెండు పట్టాలున్నాయి. అమెరికాలో కంపెనీలు స్థాపించినవారి వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం స్థాపకుల సగటు వయసు దాదాపు 42 ఏళ్లు. అతివేగంగా ఎదిగిన వెయ్యిలో ఒక్క కంపెనీని తీసుకుంటే ఆ వయసు 45. అవి ఆ దేశపు అంకెలే అయినా, చదువు మానేసిన కుర్రవాళ్ల కథలు అందరి కథా కాదని గుర్తుచేయడానికి పనికివస్తాయి. పైగా హార్వర్డ్ సీటు వదులుకోవడమూ పక్క మండలంలోని కళాశాలలో సీటు వదులుకోవడమూ ఒకటి కాదు. హార్వర్డ్‌లో వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉంటుంది.

ఆ దారిని ఇక్కడ కూడా తెరవాలన్న ప్రయత్నం ఇటీవలిదే. విద్యార్థుల స్టార్టప్‌ల కోసం సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2016లో ఒక విధానం ప్రకటించింది. 2019 నాటి జాతీయ స్టార్టప్ విధానం, సొంత సంస్థ నడుపుకోవడానికి సెమిస్టరుగాని ఏడాదిగాని విరామం తీసుకుని మళ్లీ చేరే వీలు కల్పించాలని విద్యాసంస్థలకు సూచించింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఏడాది చదివి ఆపితే సర్టిఫికెట్టు, రెండేళ్లకు డిప్లొమా దక్కుతాయి. 2015లో వచ్చిన తిరుపతి ఐఐటీలో నవావిష్కార్ ఐ-హబ్ నడుస్తోంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కొత్త సంస్థలకు ఆసరా ఇచ్చే ఇంక్యుబేషన్ కేంద్రం ఉంది. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. మధ్యలో ఆపినవాణ్ణి చుట్టాలు ఫెయిలైనవాడిగానే లెక్కవేస్తున్నంత కాలం విరామం కోరే ధైర్యం కొద్దిమందికే ఉంటుంది.

వీటన్నిటికంటే తక్కువ ఆర్భాటంతో వచ్చిన మార్పు రాష్ట్రంలోని మామూలు డిగ్రీ కళాశాలల్లో జరిగింది. 2020-21లో సవరించిన పాఠ్యప్రణాళిక మూడేళ్ల చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది; అందులో రెండో ఏడాది ముగిశాక చేసే రెండు నెలలు వేసవి సెలవుల్లో పడేలా ఉద్దేశించినవి. తోతాపురి కోత మే చివర మొదలై జూన్, జూలైల్లో ముమ్మరమవుతుంది. 2025లో ఆ నెలల్లోనే, పాత గుజ్జు గోదాముల్లో పేరుకుపోయి ఫ్యాక్టరీలు కొనుగోలుకు వెనుకాడగా, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చెల్లించాలని నిర్ణయించవలసి వచ్చింది. అలాంటి వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లిన బీఎస్సీ విద్యార్థి ఉదయం రిఫ్రాక్టోమీటరు ముందు కూర్చుని, సాయంత్రం గేటు బయట ట్రాక్టరు మీద నిద్రపోతున్న రైతును చూసి, ఆ రాత్రి యజమాని బ్యాంకుతో ఫోనులో వాదించడం వింటాడు. కళాశాలకు అతను సమర్పించే రిపోర్టులో మొదటిదానికే మార్కులు పడతాయి.