నీళ్ళు తోడనివ్వలేదని అలిగారుగా!

కొత్తపట్నం

అమ్మలూ, చిన్నోడా,

దసరాకి వచ్చినప్పుడు తోటలో ఈత కొలను పాచిపట్టి ఉందని ఇద్దరూ మూతి ముడుచుకున్నారు. "నీళ్ళన్నీ తోడేసి, కడిగి మళ్ళీ నింపేద్దాం తాతయ్యా" అని చిన్నోడు ఒకటే గోల. నేను కుదరదన్నాను. తాతయ్య కరెంటు బిల్లుకి వెనకాడుతున్నాడని నాన్నతో అన్నాడంట. అది కొంత నిజమే గానీ అసలు సంగతి వేరు.

వేరుశనగ చేలో దొరువు చూశారు కదా, ఇసుకలో తవ్విన గుంట. నా చిన్నప్పుడు రెండు చేతులా కుండలు పట్టుకుని అందులోకి దిగి, ముంచుకొచ్చి మొక్కలకి పోసేవాళ్ళం. మే నెలలో నీళ్ళు ఎక్కడో అడుగున ఉండేవి. అక్టోబరు, నవంబరు వానలు పడ్డాయంటే ఒంగితే చేతికందేవి. ఆ నీళ్ళు దొరువులోనే ఉంటాయనుకోకండి. ఇంచుమించు అదే మట్టంలో తోట కిందంతా ఉంటాయి, మన కొలను చుట్టూ కూడా.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. బకెట్ నిండా నీళ్ళు పట్టి, ఖాళీ స్టీలు గిన్నెను అందులోకి అదమండి. చేతిని పైకి తోసేస్తుంది. అదే గిన్నె నిండా నీళ్ళు పోసి వదలండి, బుద్ధిగా కిందికి పోయి కూర్చుంటుంది. మన కొలను కూడా అలాంటి గిన్నే. పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. దాని అడుగు కంటే ఒక్క మీటరు ఎత్తున భూమిలో నీళ్ళుంటే చాలు, 50 టన్నుల బలంతో పైకి నెడతాయి. లోపలి నీళ్ళ బరువే దాన్ని అణిచి పట్టుకుంటుంది. ఆ బరువు తీసేశామా, అడుగు పగలొచ్చు, కొలనే ఒక పక్కకి లేవొచ్చు.

ఇదంతా నాకు దెబ్బ తిని తెలిసిందే. మీ నాన్న ఇంటర్ చదివే రోజుల్లో, కార్తీకంలో వాన వెలిసింది కదా అని ఇంటిముందు సంపు ఖాళీ చేయించాను, కడిగిద్దామని. తెల్లారి చూస్తే ఒక మూల బెత్తెడు లేచి, పైపు విరిగి ఉంది. మీ నాయనమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

కొలను అడుగున ఒక వాల్వు ఉంది. బయట ఒత్తిడి పెరిగితే తెరుచుకుని భూమిలో నీళ్ళని లోపలికి వదులుతుంది. అది ఇసుక పట్టి బిగుసుకుపోయిందో లేదో పైనుంచి ఎవరికి తెలుస్తుంది? దాన్ని నమ్ముకుని తోడలేను. అయినా పాచికి నీళ్ళు పారబోయక్కర్లేదు. గోడలు బ్రష్‌తో రుద్ది, క్లోరిన్ వేసి, ఫిల్టర్ ఆడించాం. ఇప్పుడు చిన్నోడు పారేసుకున్న గోళీ అడుగున కనపడుతోంది. మొత్తం తోడాల్సిన పని పడితే మేలో, దొరువు అడుగంటాక. అప్పుడు కూడా పని అయిన వెంటనే నింపేయాలి, ఖాళీగా ఎండితే టైల్స్ ఊడతాయి.

కొలను గోడలో, పైన తేలే చెత్తని లాక్కునే కంత ఉంది చూశారా, దాన్ని స్కిమ్మర్ అంటారు. మామూలు రోజుల్లో నీళ్ళు దాని నోటికి సగంలో ఉండాలి. అంతకంటే దిగితే మోటారు గాలి పీలుస్తుంది. వానకి నోరు మునిగిపోతే పైన తేలే సరుగుడు ఆకు లోపలికి పోదు. అప్పుడు మోటారు ఆపి, ఫిల్టర్ వాల్వు పిడిని వేస్ట్ వైపు, అంటే నీళ్ళు బయటికి పోయే వైపు, తిప్పి, మళ్ళీ ఆన్ చేసి నాలుగు వేళ్ళ మందం వదులుతాను. ఆపకుండా తిప్పితే వాల్వు పాడవుతుంది. ఆ నీళ్ళు కాలవలోకి పోనివ్వను. కింద రొయ్యల చెరువులున్నాయి, క్లోరిన్ తగిలితే ఇంకేమన్నా ఉందా!

అమ్మలూ, నీకు విడిగా ఒక మాట. అడుగున జాలీ దగ్గర జుట్టు విరబోసుకుని మునగొద్దు. మోటారు ఆడేటప్పుడు లాగి పట్టేస్తుంది.

ఇంకో అనుమానం పట్టుకుంది నాకు. వానలు ఆగి వారమైంది, నీళ్ళు కొంచెం ఎక్కువే దిగుతున్నట్టున్నాయి. మన కొలనులో సెంటీమీటరు దిగిందంటే 500 లీటర్లు పోయినట్టు. ఎండకి ఆరుతున్నాయా, ఎక్కడైనా కారుతున్నాయా? అందుకే బకెట్లో కొలను నీళ్ళే పోసి మొదటి మెట్టు మీద పెట్టాను, లోపల బయట ఒకే మట్టం వచ్చేలా. రెండు చోట్లా పెన్సిల్ గీత గీశాను. ఎండకైతే రెండూ సమానంగా దిగాలి. రేపు ఇదే టైముకి చూసి ఫోన్ చేస్తాను.

మీ తాతయ్య