"బాగా మింగనివ్వు, అప్పుడు లాగు": గాలం వేటలో అపోహలు

మొన్న ఆదివారం భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే మొగలో ఒక కుర్రాడు మూడు కేజీల పండుగప్ప పట్టాడు. ఫొటో తీసుకుని వదిలేద్దామని వాడి ఆలోచన. గాలమేమో గొంతు దాటి లోపలికి పోయింది. కటింగ్ ప్లేయర్ పెట్టి తిప్పి తిప్పి మొత్తానికి లాగాడు. గాలంతో పాటు మొప్పల దగ్గర్నుంచి ఎర్రటి ముక్క కూడా వచ్చింది. నీళ్ళలో వదిలితే రెండు బారలు ఈది, పక్కకి ఒరిగి తేలింది. "అన్నా, కాసేపట్లో తేరుకుంటుంది కదా?" అన్నాడు బిక్కమొహం వేసుకుని. ఏం చెప్పను? ఇంటికి పట్టుకుపోయి పులుసు పెట్టించుకోమన్నాను.

తప్పు వాడిది కాదు. "బాగా మింగనివ్వు, అప్పుడు గట్టిగా లాగు" అని ఎవరో నూరిపోశారు. ఈ మాట వినని వారం లేదు నాకు. చేతితాడుతో వేటాడే మా మావ కూడా నాకు అదే నేర్పాడు. ఆయన పట్టిన ప్రతి చేపా సంతకో, మా అత్త పొయ్యి మీదకో పోయేది కాబట్టి గాలం ఎక్కడ తగిలినా ఒకటే. వదిలేద్దామని వచ్చినవాళ్ళు అదే పద్ధతి పట్టుకుంటేనే తంటా. వదిలిన చేప బతకడం అన్నిటికన్నా ఎక్కువగా గాలం ఎక్కడ గుచ్చుకుందన్న దాని మీదే ఉంటుంది. దవడ మూలలో అయితే చిన్న గాయం, మానిపోతుంది. మొప్పల్లోనో కడుపులోనో దిగితే మీరెంత సుతారంగా వదిలినా సగం ప్రాణం అప్పటికే పోయినట్టు.

సర్కిల్ హుక్ వేసుకోమని నేను చెవినిల్లు కట్టుకుని పోరేది ఇందుకే. దాని మొన నిటారుగా ఉండదు, కాడ వైపు తిరిగి ఉంటుంది. చేప ఎర మింగి పక్కకి తిరిగి పోతుంటే దారం బిగుస్తుంది. గాలం గొంతులో గుచ్చుకోకుండా జారుతూ వచ్చి దవడ మూల దగ్గర తిరిగి పట్టుకుంటుంది. రాడ్ విదిలించకూడదు. దారం బరువెక్కగానే నిదానంగా రీల్ తిప్పడమే మన పని. "దండగ హుక్ అన్నా, నాలుగు చేపలు పోయాయి" అంటారు. పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది, జే హుక్‌కి, అంటే J ఆకారంలో ఉండే మామూలు గాలానికి లాగినట్టే ఎత్తి కొడుతున్నారు. అలా లాగితే అది నోట్లోంచి ఊడి రాక ఏం చేస్తుంది? చేతిని ఆపుకోవడం కష్టమే, ఒప్పుకుంటాను. నాకే రెండు సీజన్లు పట్టింది.

ఇదేదో కొత్త విదేశీ ఫ్యాషన్ అనుకునేవాళ్ళకి ఒక మాట. పసిఫిక్ దీవుల వాళ్ళు ఎముకతో, ఆల్చిప్పతో ఇలాంటి గాలాలు ఏనాడో చేసుకున్నారు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళు సెలవులకి వచ్చి నాతో వేటకి దిగితే విదిలించరు. 2021 నుంచి అక్కడి అట్లాంటిక్ తీరంలో స్ట్రైప్డ్ బాస్ అనే చేపకి చేపముక్కలాంటి ఎర వేయాలంటే సర్కిల్ హుక్ తప్పనిసరి. అలా అలవాటైంది.

అయినా మింగేసిందా? కంగారు పడకండి, లాగకండి. దారాన్ని నోటికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర కోసి వదిలేయండి. గాలం లోపలే ఉంచి వదిలిన చేపలు, పెరికి వదిలినవాటికంటే బాగా బతుకుతున్నాయని ప్రయోగాల్లో తేలింది. ఆ కుర్రాడు చేయాల్సింది అదే. "రెండ్రోజుల్లో తుప్పు పట్టి రాలిపోతుంది" అన్నది మాత్రం పుకారు. మామూలు ఉక్కుకైనా వారాలు, నెలలు పడుతుంది. స్టెయిన్‌లెస్ అయితే ఆ ఆశ కూడా లేదు, అందుకే అది కొనొద్దు.

మిగతావి గబగబా. గాలం మొన పక్కనుండే చిన్న ముల్లు నొక్కేస్తే చేపలన్నీ పోతాయా? దారం వదులవ్వకుండా చూసుకుంటే పోవు. ప్లాస్టిక్ ఎరలు వాడితే పాపం లేదా? మింగడం తక్కువే గానీ, మూడు కొక్కేల గాలం ఉంటే చేప కంట్లో గుచ్చుకుంటుంది. తీసేసి ఒంటి గాలం వేయండి. పెద్ద పండుగప్ప ముసలిది, ఉంచేసుకోవచ్చట! పండుగప్ప ముందు మగ, పెరిగాక ఆడగా మారుతుంది. మీ చేతిలో ఉన్న ఆ పెద్దది గుడ్లు పెట్టే తల్లి.

ఎర దగ్గర ఒక్కటి మాత్రం నాకు ఒళ్ళు మండిస్తుంది. తెల్లమచ్చ వైరస్ జబ్బు వచ్చిన చెరువు రొయ్యలు చవగ్గా దొరుకుతాయని తెచ్చి ఉప్పుటేట్లో వేస్తారు. "ఫ్రీజర్లో పెట్టాం కదా, వైరస్ చచ్చిపోతుంది" అంటారు. చావదు. అది పీతలకీ అంటుతుంది. ఆ ఏటి నీళ్ళే పక్క రైతు తన చెరువుకి తోడుకుంటాడు. 2016లో ఆస్ట్రేలియాలోని లోగన్ నది పక్క రొయ్యల చెరువుల్లో ఈ జబ్బు బయటపడింది. ఎలా వచ్చిందో ఖాయంగా తేలలేదు గానీ, గాలానికి ఎరగా వేసిన దిగుమతి పచ్చి రొయ్యల మీద గట్టి అనుమానం పడింది. మొగలోనే దొరికే బొంత చేపలు చాలవా ఎరకి?

ఆ కుర్రాడు నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చాడు, సర్కిల్ హుక్ ప్యాకెట్‌తో. ఒకటి తీసి టీ బల్ల మీద పడుకోబెట్టాను. కాడ బల్లకి ఆనింది గానీ మొన పక్కకి లేచి నిలబడింది. ఆఫ్‌సెట్ రకం. మొన అలా పక్కకి వంగితే మళ్ళీ లోపల గుచ్చుకునే అవకాశం పెరుగుతుంది. "ప్యాకెట్ మీద సర్కిల్ అనే ఉందన్నా. ప్లేయర్‌తో వంచేద్దామా?" అన్నాడు.

"విరిగిపోద్దిరా. షాపు ఎనిమిదింటికి మూసేస్తాడు, మార్చుకురా పో."