కోర్టు కాగితం లేకుండా పిల్లల్ని పోలీసులు తీసుకెళ్లొచ్చా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పిల్లల రక్షణ పనిలో ఉన్న నాకు బస్తీల్లో రెండు మాటలు ఎప్పుడూ వినిపిస్తాయి. కోర్టు ఆర్డర్ లేనిదే పిల్లల జోలికి రాకూడదని కొందరంటారు. పోలీసులు తలచుకుంటే ఎవరి పిల్లల్నైనా ఎత్తుకుపోతారని ఇంకొందరంటారు. రెండూ తప్పే.

అపోహ: ముందుగా కోర్టు అనుమతి ఉండాలి.

అక్కర్లేదు. ఒంటి మీద వాతలున్న పిల్ల, పనిలో పెట్టి బంధించిన పిల్లాడు, సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒంటరిగా తిరుగుతున్న పసివాడు కనిపిస్తే పోలీసులు అప్పటికప్పుడు తమ రక్షణలోకి తీసుకోవచ్చు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టమే ఆ వీలు ఇచ్చింది. ఆ చట్టం అమల్లోకి రాకముందే, 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండొందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చింది పోలీసులే. నేను చూసినంతలో అసలు సమస్య పోలీసుల దూకుడు కాదు, వెనకడుగు. 'ఇది మీ ఇంటి గొడవమ్మా, కోర్టుకెళ్లండి' అని స్టేషన్‌లో తిప్పి పంపిన కేసులే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టాయి.

అపోహ: ఒకసారి తీసుకెళ్తే ఇక పోలీసుల ఇష్టం.

వాళ్ల చేతిలో ఉండేది 24 గంటలే, ప్రయాణ సమయం కాకుండా. ఆలోపు పిల్లను చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు హాజరుపరచాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులుండే ఈ కమిటీకి మెజిస్ట్రేట్ అధికారాలుంటాయి. రాత్రయినా, సెలవైనా ఒక్క సభ్యుడి ముందు హాజరుపరిచినా సరిపోతుంది కాబట్టి 'సోమవారం చూద్దాం' అనడం కుదరదు. పిల్ల ఎక్కడ ఉండాలో చెప్పేది కమిటీయే. విచారణ చేయించి, మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి నాలుగు నెలల్లో తుది ఆర్డర్ ఇవ్వాలి. అది నచ్చకపోతే 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఈ సంగతి తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు, కాబట్టి మీరే అడగండి.

అపోహ: స్టేషన్‌లో నేరస్థుల మధ్య కూర్చోబెడతారు.

ప్రతి స్టేషన్‌లో పిల్లల కేసుల కోసం ఏఎస్ఐకి తగ్గని హోదా ఉన్న ఒక అధికారి ఉండాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు యూనిఫాం వేసుకోకూడదు. లాకప్ సంగతి అసలు రానే రాకూడదు.

అపోహ: లైంగిక వేధింపు కేసు పెడితే పిల్లను హోంలో వేసేస్తారు.

ఈ భయంతోనే చాలామంది తల్లులు నోరు మెదపరు. 'తప్పు చేసింది వాడు, మా పిల్లనెందుకు పంపాలి?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నిందితుడు అదే ఇంట్లో ఉంటేనో, పిల్లకు ఇల్లూ వాకిలీ లేకపోతేనో పోలీసులు 24 గంటల్లో కారణాలు రాసి పిల్లను కమిటీ ముందు హాజరుపరచాలి. కుటుంబం నుంచి తప్పించాలా వద్దా అనేది కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి. అలా తేల్చేటప్పుడు పిల్ల ఏం కోరుకుంటోందో కూడా చూడాలి. వాడు ఇల్లు వదిలి వెళ్తేనో, అమ్మమ్మ దగ్గర ఉంచే వీలుంటేనో హోం అవసరమే రాకపోవచ్చు. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమని చట్టమే అంటోంది.

అపోహ: పేదవాళ్ల పిల్లల్ని లాక్కుంటారు.

పేదరికం ఒక్కటే కారణం కాకూడదు. కాకపోతే చేతిలో బిడ్డతో సిగ్నల్ దగ్గర అడుక్కుంటే అది వేరే కేసు. బిడ్డను భిక్షాటనకు వాడుకుంటే అయిదేళ్ల వరకు శిక్ష ఉంది.

అపోహ: దొరికిన పసిబిడ్డను పిల్లల్లేని వాళ్లకిస్తే పుణ్యం.

ఇది నేరం. దొరికిన బిడ్డ విషయం 24 గంటల్లో చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో, కమిటీకో చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, రూ.10,000 జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

అపోహ: భర్త పిల్లాణ్ణి తీసుకెళ్లిపోతే పోలీసులు తెచ్చి ఇస్తారు.

ఈ ఫోన్లే నాకు ఎక్కువ. ఇద్దరూ తల్లిదండ్రులే అయినప్పుడు, పిల్లాడికి ప్రమాదం లేనప్పుడు, పోలీసులు ఒకరి దగ్గర్నుంచి తీసి మరొకరికి అప్పగించలేరు. దానికి ఫ్యామిలీ కోర్టుకో, హైకోర్టుకో వెళ్లాలి. కొడుతున్నాడనో, తిండి పెట్టడం లేదనో అనుమానముంటే మాత్రం ఆగకండి, 112కి ఫోన్ చేయండి.