25వ షరతు

అమెరికాలో తెల్లవాళ్ళ కుటుంబాలకూ, నల్లవాళ్ళ కుటుంబాలకూ ఆస్తిలో ఇంత తేడా ఎందుకుందన్న మాట వస్తే చర్చ జీతాల చుట్టూనే తిరుగుతుంది. నా లెక్కలో అసలు ముడి సొంతింటి దగ్గర పడింది. అది చూడాలంటే న్యూయార్క్ పక్కన, లాంగ్ ఐలాండ్‌లోని బంగాళాదుంప పొలాల దాకా వెళ్ళాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు లక్షల్లో తిరిగొచ్చారు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఉండటానికి ఇళ్ళు లేవు. 1947లో విలియం లెవిట్ అనే బిల్డర్ ఆ పొలాల్లో పని మొదలుపెట్టాడు. కార్ల ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, మనిషి నిలబడతాడు. ఇల్లు కదలదు కాబట్టి ఇక్కడ మనుషులే కదిలారు. ఒక ముఠా పునాది పలక పోసి పక్క స్థలానికి వెళ్ళగానే ఇంకో ముఠా కలపతో దిగేది. మొత్తం 27 అంచెలు. పని ఊపందుకున్నాక రోజుకు 30 ఇళ్ళు లేచాయి. 1951కల్లా 17 వేలు దాటాయి.

తొలి ఇళ్ళు 750 చదరపు అడుగులవి. మన అపార్ట్‌మెంట్ భాషలో చిన్న డబుల్ బెడ్‌రూమ్. అయితే ఫ్రిజ్, స్టవ్, వాషింగ్ మెషిన్ ఇంటితోనే వచ్చేవి. 1950 మోడల్‌లో టీవీ కూడా బిగించి ఇచ్చారు. మొదట్లో అద్దెకిచ్చినా 1949 నుంచి 7,990 డాలర్లకు అమ్మారు. మాజీ సైనికుడు ముందుగా పైసా కట్టక్కర్లేదు, నెలకు 58 డాలర్ల వాయిదా చాలు.

బ్యాంకులకు అంత ధైర్యం ఊరికే రాలేదు. మాజీ సైనికుల కోసం 1944లో తెచ్చిన చట్టం, 1934 నుంచి ఉన్న ఫెడరల్ హౌసింగ్ సంస్థ ఆ అప్పులకు పూచీ నిలిచాయి. అంతా మార్కెట్ మహిమేనని చెప్పుకునే ఆ వైభవానికి పూచీదారు ప్రభుత్వమే! అదే సంస్థ నల్లవాళ్ళుండే పేటలకు మాత్రం పూచీ ఇవ్వనంది.

లెవిట్ కట్టిన ఆ ఊరి పేరు లెవిట్‌టౌన్. దాని తొలి అద్దె ఒప్పందంలో 25వ షరతు ఉండేది. తెల్లజాతి వాళ్ళు తప్ప మరెవరూ ఈ ఇంట్లో ఉండకూడదు. పనివాళ్ళకు మాత్రం మినహాయింపు. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయించరాదని 1948లో సుప్రీంకోర్టు తేల్చాక కాగితం మీది వాక్యం పోయింది. నల్లవాళ్ళకు అమ్మకపోవడమన్న పద్ధతి అలాగే ఉంది.

1957 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని రెండో లెవిట్‌టౌన్‌లో బిల్, డైసీ మయర్స్ అనే నల్లజాతి దంపతులు ఒక ఇల్లు కొన్నారు. లెవిట్ దగ్గర కాదు, ఆ ఇంటి పాత యజమాని దగ్గర. వాళ్ళు దిగిన రోజు వచ్చిన పోస్ట్‌మ్యాన్ డైసీని పనిమనిషి అనుకుని ఇంటావిడ ఎక్కడని అడిగాడు. నేనే అందామె. అతను ఆ కబురు వీధంతా చాటాడు. సాయంత్రానికి గుంపు చేరింది, రాళ్ళు పడ్డాయి, కిటికీ అద్దాలు పగిలాయి. చివరికి రాష్ట్ర పోలీసులు దిగాల్సి వచ్చింది.

ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1968లో. అప్పటికి లాంగ్ ఐలాండ్‌లో తొలివిడత కొన్నవాళ్ళు 19 ఏళ్ళ వాయిదాలు కట్టేసి, ఆ మేరకు ఇంటిని తమ ఆస్తిగా చేసుకుని ఉన్నారు.